ఆడకుండానే అభిప్రాయం: స్కోర్‌తో పని కానిచ్చే చిట్కాలు

గేమ్ ఆడి నచ్చిందో లేదో తేల్చుకోవాలంటే రాత్రుళ్లు నిద్ర మానుకోవాలి. స్కోర్ చూడటానికి అర నిమిషం చాలు. కష్టం రివ్యూ రాసినవాళ్లది, అభిప్రాయం మీది. ఇలా కానివ్వండి.

1. రివ్యూల స్కోర్లన్నీ కలిపి ఒక్క అంకెగా చూపే మెటాక్రిటిక్ సైట్ తెరవండి. 75, ఆపైన ఉంటే పచ్చ. "మాస్టర్‌పీస్ మామా" అనండి. 50 నుంచి 74 దాకా పసుపు. "టైంపాస్" అంటే సరిపోతుంది. ఎరుపైతే పెదవి విరవండి. ఏ పత్రిక రివ్యూకి ఎంత వెయిటేజీ ఇస్తారో వాళ్లు బయటపెట్టరు. మీరూ ఆరా తీయకండి, తెలిస్తే ఆలోచించాల్సి వస్తుంది.

2. రివ్యూ చదవకండి. అంకె కిందే ఉంటుంది, నేరుగా దిగిపోండి.

3. విడుదలకు ముందే డబ్బు కట్టేయండి. సైబర్‌పంక్ 2077 వచ్చింది 2020 డిసెంబర్ 10న. అంతకు ముందు వచ్చిన రివ్యూలు పీసీ వెర్షన్ ఆడి రాసినవి. ఆ స్కోర్ చూసుకుని మీ పాత పీఎస్4కి కొనండి. ఆట మధ్యలో క్రాష్ అయినా "అద్భుతం" అన్న మాట మీదే నిలబడండి. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్‌లోంచి తీసేసి, డబ్బు వాపసిస్తామంది. అలాంటప్పుడు అప్లై చేయకండి. ఫారం నింపడం కూడా పనే.

4. తక్కువ స్కోర్ గేమ్ నచ్చేస్తోందా? ఇది ప్రమాదం. అర్ధరాత్రి దాటాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, బాస్‌ని పడగొట్టి ఒక్కరే పకపకా నవ్వుతున్నారనుకోండి. అక్కడే ఆపండి. ఫోన్ తీసి స్కోర్ చూడండి. 58 అని ఉంటే నవ్వు మింగేసి అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. సేవ్ ఫైల్ కూడా తుడిచేయండి, లేదంటే రేపు మళ్లీ మనసు లాగుతుంది. 2006లో వచ్చిన గాడ్ హ్యాండ్‌కి ఐజీఎన్ పదికి మూడిచ్చింది. ఈ రోజుకీ దాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లున్నారు. వాళ్లతో తిరగకండి, అంటుకుంటుంది.

5. 85కి తక్కువైనదాన్ని నలుగురిలో మెచ్చుకోకండి. ఫాలౌట్: న్యూ వేగస్‌కి మెటాక్రిటిక్‌లో 85 వస్తే దాన్ని తయారుచేసిన అబ్సిడియన్ వాళ్లకు బోనస్ దక్కేది. 84 వచ్చింది, బోనస్ పోయింది. చేసినవాళ్లకే గిట్టుబాటు కాని ఆ 84ని మీరెందుకు వెనకేసుకురావాలి?

6. యూజర్ స్కోర్ మీ చేతిలో ఆయుధం. ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 విడుదలైన రోజే సున్నాల వాన కురిసింది. పూర్తిగా ఆడే వ్యవధే లేదు, అయినా పని జరిగింది. ఆ తర్వాతి నెలలో మెటాక్రిటిక్, గేమ్ విడుదలయ్యాక యూజర్ స్కోర్ వేయడానికి 36 గంటలు ఆగాలని రూలు పెట్టింది. ఆగండి. హాయిగా పడుకుని లేచి, అప్పుడు సున్నా వేయండి.

7. రెండు గంటలలోపే ఆడిన గేమ్‌కి, కొన్న 14 రోజుల్లోగా అడిగితే స్టీమ్ డబ్బు వాపసిస్తుంది. ఆ వంకతో ఆడి చూద్దామనుకోకండి. సొంత అభిరుచి ఏర్పడటానికి రెండు గంటలు చాలు.

8. "నీకు బాగా నచ్చిన గేమ్ ఏది?" అని ఎవరైనా అడిగితే, "ఒకారినా ఆఫ్ టైమ్, 99" అనండి. ఎందుకని అడిగితే మళ్లీ 99 అనండి. ఇంకా గుచ్చి అడిగితే ఫోన్ వచ్చిందని లేచిపోండి.