నీలి మూత ఆత్మకథ

ల్యాబ్ ట్రేలో ఎర్ర మూత, ఊదా మూత గొట్టాల పక్కన నీలి మూతతో ఉండేదాన్ని నేను. కొలత పట్టింపు నాకే ఎక్కువ. అడుగున కాస్త సోడియం సిట్రేట్, దానికి తొమ్మిది రెట్ల రక్తం. గీత దాకా నిండకపోతే ఫలితం తప్పుతుంది, మళ్లీ గుచ్చాల్సిందే. రక్తంలోని క్యాల్షియాన్ని సిట్రేట్ పట్టేసుకుంటుంది కనక నాలో గడ్డకట్టదు.

హైదరాబాద్‌లో ఓ పొద్దున ముప్పై ఏళ్లావిడ చెయ్యి చాచింది. ఎడమ పిక్క వాచి, చర్మం బిగిసి నిగనిగలాడుతోంది.

"బ్లడ్ థిన్నర్లు ఏమైనా వాడుతున్నారా అక్కా?" రక్తం తీసే కుర్రాడు అడిగాడు.

"లేదు తమ్ముడూ, రక్తం ఇచ్చాకే ఇంజక్షన్ మొదలుపెడతామన్నారు."

పక్కనున్న తల్లి ఆగలేదు. కూతురికి రెండుసార్లు కడుపు పోయిందట. మొన్న గుడికి వెళ్లాలని నెలసరి వాయిదా మాత్రలు మింగిందట. రాత్రంతా బస్సులో కాళ్లు కదపకుండా, బాత్రూమ్ బెడదని నీళ్లు కూడా తాగకుండా కూర్చుందట. ఫారంలో ఇదంతా రాసే చోటు లేదు. ఉండాల్సింది.

నన్ను నెమ్మదిగా మూడు నాలుగుసార్లు తిరగేసి, మిషన్లో గిర్రున తిప్పి, పైకి తేలిన ప్లాస్మా తీశారు. ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం కొద్దిగా, దాంతోపాటు క్యాల్షియం చేర్చాక మామూలుగా అర నిమిషం అటూ ఇటూగా గడ్డ కడుతుంది. ఈవిడది నిమిషం దాటింది. ఆరోగ్యవంతుల ప్లాస్మా కలిపినా దారికి రాలేదు. ఫాస్ఫోలిపిడ్ ఎక్కువ వేస్తే వచ్చింది.

కాల్లో గడ్డ, నా దగ్గరేమో గడ్డకట్టనని మొండికేయడం! రెండూ ఒకే యాంటీబాడీల పని. పరీక్షలో అవి ఫాస్ఫోలిపిడ్‌ను ఆక్రమించి ఆలస్యం చేస్తాయి. ఒంట్లో రక్తనాళాల లోపొరనూ ప్లేట్‌లెట్లనూ రెచ్చగొడతాయి. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ వివరించిన ఈ జబ్బే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్.

ఈ యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఊరికే పడి ఉండొచ్చు. చాలాసార్లు ఇంకోటి తోడయ్యాకే గడ్డ కడుతుంది: ఈస్ట్రోజెన్ మాత్రలు, గర్భం, బాలింతతనం, ఆపరేషన్, ఇన్ఫెక్షన్, సిగరెట్, మంచాన పడటం. నెలసరి వాయిదా మాత్రలూ ఇలాంటివాళ్లు డాక్టర్ని అడగకుండా మింగేవి కావు. లూపస్ అనే జబ్బు కూడా ఉంటే ముప్పు పెరుగుతుంది. నా పరీక్షతోపాటు కార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రొటీన్ పరీక్షలు రెండూ పాజిటివ్ వస్తే మరీ ఎక్కువ.

అయినా ఒక్క రిపోర్టుతో జబ్బు ఖాయం చేయరు. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు కనిపించి పోతుంటాయి. కనీసం 12 వారాలాగి మళ్లీ చూడాలి. అప్పటికి నేనుండను, ఇంకో నీలి మూత వస్తుంది. ఆవిడ వార్ఫరిన్ అనే బ్లడ్ థిన్నర్ వాడుతూ ఉంటుంది. ఆ సంగతి కుర్రాడు అడక్క, ఆవిడ చెప్పకపోతే ఆ రిపోర్టును నమ్మడానికి లేదు.