జీబ్రా క్రాసింగ్ ఆత్మకథ

నడిచేవాళ్లు వీధి దాటే చోట నల్లటి తారు మీద వేసిన తెల్లటి పట్టీల వరుసే జీబ్రా క్రాసింగ్. ఇక్కడ తన జీవితాన్ని తానే చెప్పుకుంటున్న ఆ క్రాసింగ్‌కు రంగు తప్ప వేరే ఒళ్లు లేదు. గోడలా అడ్డు నిలవలేదు, చెయ్యెత్తి ఆపలేదు. తన దగ్గర నడిచేవారిదే ముందు హక్కు అని ఊరంతా కలిసి ఇచ్చిన మాటకు అది గుర్తు మాత్రమే. ఆ మాట ఎక్కడ నిలిచింది, ఎక్కడ తప్పింది, నిలవాలంటే వీధి ఎలా ఉండాలి అన్నదే దాని కథంతా.

దాని పూర్వీకులు రాళ్లు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద కింద పూడుకుపోయిన పాంపే నగరంలో, వీధికి అడ్డంగా పరిచిన ఎత్తైన రాళ్లు నేటికీ ఉన్నాయి. వాటి మీద అడుగులు వేస్తూ జనం ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు చేరేవారు. రాళ్ల మధ్య చక్రాలు పట్టేంత సందు వదిలారు. ఆ సందులో చక్రం సరిగా దూరాలంటే బండివాడు నెమ్మదించక తప్పదు. నడిచేవారికి దారి, బండికి కళ్లెం రెండూ ఆ రాళ్లలోనే ఉన్నాయి. తర్వాతి తరాలు దారిని గుర్తుంచుకుని కళ్లేన్ని మరిచిపోయాయి.

మోటారు బండ్ల కాలంలో వంశం మళ్లీ బ్రిటన్‌లో మొదలైంది. 1934లో రవాణా మంత్రి లెస్లీ హోర్ బెలీషా దాటే చోట్ల పక్కన నలుపు తెలుపు స్తంభాలు, వాటి తల మీద నారింజ రంగు గోళాలు పెట్టించారు. రోడ్డు మీద మాత్రం లోహపు బిళ్లల వరుసే హద్దు. వస్తున్న డ్రైవరుకు అది దూరం నుంచి ఆనేది కాదు. అందుకే 1949లో వెయ్యి చోట్ల రకరకాల రంగుల పట్టీలు వేసి పరీక్షించారు. తెలుపే గెలిచింది. 1951 అక్టోబరు 31న స్లౌ పట్టణంలో మొదటి అధికారిక జీబ్రా క్రాసింగ్ పుట్టింది. 1969 నుంచి మనుషులు మీట నొక్కితే సిగ్నల్ మారే పెలికాన్ క్రాసింగ్ తోడయింది. ఆ తర్వాత నడిచేవారు, సైకిలువారు కలిసి దాటే టూకాన్ వచ్చింది. కాలినడకా సైకిలూ ఒకే కుటుంబమని ఒప్పుకున్న చుట్టం అది.

దాని ఒంటి తయారీ తెలిస్తే బలహీనత కూడా తెలుస్తుంది. మామూలు రంగు కొద్ది నెలల్లోనే చక్రాల కింద అరిగిపోతుంది. గట్టిగా నిలవాల్సిన చోట థర్మోప్లాస్టిక్ అనే పదార్థాన్ని కరిగించి వేడిగా పోస్తారు. అది ఆరేలోగా సన్నటి గాజు పూసలు చల్లుతారు. రాత్రి హెడ్‌లైట్ వెలుగు ఆ పూసల్లో పడి తిరిగి డ్రైవరు కంటికే చేరుతుంది. పూసలు రాలిపోతే పగలు కనబడే చారలు చీకట్లో మాయమవుతాయి. నడిచేవారికి మాత్రం ఆ సంగతి తెలియదు. రాత్రి కూడా అదే నమ్మకంతో అడుగు వేస్తారు.

అసలు పరీక్ష వేగం దగ్గర. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 8 మీటర్లకు పైగా కదులుతుంది. ఎదురుగా పిల్లవాడు కనబడ్డాక డ్రైవరు తేరుకుని కాలు బ్రేకు మీద వేయడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద మరో 5 మీటర్లలో బండి ఆగుతుంది. మొత్తం 13 మీటర్లు. వేగం 50 అయితే ఆ ఒక్క సెకనులోనే కారు దాదాపు 14 మీటర్లు దూసుకువస్తుంది. మొదటి కారు పూర్తిగా ఆగిన చోటును రెండో కారు దాటేటప్పటికి దాని డ్రైవరు కాలు ఇంకా బ్రేకుకు చేరనే లేదు. తగిలే దెబ్బ బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, 50 దగ్గర అది 30 దగ్గరి దెబ్బకు దాదాపు మూడు రెట్లు. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో రోడ్డు భద్రత మీద జరిగిన ప్రపంచ సదస్సు, నడిచేవారు, సైకిళ్లు, మోటారు బండ్లు తరచూ కలిసే చోట 30 కిలోమీటర్లే గరిష్ఠ వేగంగా ఉండాలని ప్రకటించింది ఇందుకే.

చారలు వేస్తే చాలదని గట్టిగా చెప్పింది తల్లిదండ్రులు. 1971లో నెదర్లాండ్స్ రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అంటూ కుటుంబాలు వీధుల్లోకి వచ్చాయి. కొద్ది కాలానికే చమురు సంక్షోభం కూడా వచ్చి పడింది. క్రమంగా అక్కడి ప్రభుత్వ విధానం సైకిలువైపు మళ్లింది. 1976లో ‘వూనెర్ఫ్’ అనే నివాస వీధికి చట్టంలో చోటు దొరికింది. అక్కడ వీధంతా నడిచేవారిది, ఆడుకునే పిల్లలది. కారు మనిషి నడక వేగంతో అతిథిలా వచ్చిపోవాలి. అలాంటి వీధిలో జీబ్రా క్రాసింగ్‌తో పనే ఉండదు. తన అవసరం లేని వీధే తనకు అన్నిటికన్నా నచ్చిన వీధి.

అంత మార్పు కుదరని చోట, చారల మాట నిలబెట్టే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. మొదటిది క్రాసింగ్‌ను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపడం. అప్పుడు ముసలివారు, చక్రాల కుర్చీవారు దిగి ఎక్కాల్సిన పని ఉండదు. దిగి ఎక్కాల్సింది బండే, అందుకే నెమ్మదిస్తుంది. రెండోది మధ్యలో ఆగే గట్టు. సెకనుకు 1.2 మీటర్లు నడిచే మనిషికి 12 మీటర్ల రోడ్డు దాటడానికి 10 సెకన్లు కావాలి. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ 10 సెకన్లలో దాదాపు 140 మీటర్లు వస్తుంది. అంత దూరాన్ని రెండు వైపులా కొలవగల కన్ను ఏ పిల్లవాడికీ ఉండదు. మధ్యలో గట్టు ఉంటే ఒకసారికి ఒక వైపు చూస్తే చాలు. మూడోది చూపుకు అడ్డు తీయడం. చారల పక్కనే నిలిపిన ఆటో గానీ, వ్యాను గానీ పిల్లవాడిని డ్రైవరు కంటికి ఆనకుండా చేస్తుంది. నాలుగోది చోటు ఎంపిక. బస్టాపు ఒక చోట, చారలు వంద గజాల అవతల ఉంటే జనం బస్టాపు దగ్గరే దాటుతారు. ఆ తప్పు జనానిది కాదు, గీసినవారిది.

స్పీడ్ బ్రేకరుకూ ఒక కొలత ఉంది. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి రకం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. దాని మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పెద్ద కుదుపు లేకుండా పోవచ్చు. కాలనీల్లో ఎవరికి తోచినట్టు వారు పోసే ఇరుకైన నిటారు దిబ్బలు కారును ఆపేదానికన్నా సైకిలువారిని, స్కూటరు వెనక కూర్చున్నవారిని పడేసేదే ఎక్కువ.

సైకిలుదీ ఇదే కథ. రోడ్డు అంచున గీసిన గీత ఒక్కటే సైకిలు దారి అయితే అది పార్కింగ్‌గా మారడానికి ఎంతో కాలం పట్టదు. ఆగిన కారు తలుపు హఠాత్తుగా తెరుచుకున్నా ప్రమాదమే. వేగం ఎక్కువైన రోడ్ల మీద గట్టుతో వేరుచేసిన దారి కావాలి. చిన్న వీధుల్లో బండ్ల వేగం తగ్గితే సైకిలుకు వేరే దారి అక్కర్లేదు. హైదరాబాద్‌లో అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిలు దారి తెరిచారు. ఎండ పడకుండా తొక్కే ఆ దారి మంచిదే. కానీ బడికి, పాలకేంద్రానికి, పనికి పోయే సైకిలు తిరిగేది ఇంటి ముందు వీధిలో. భద్రత అక్కడి నుంచే మొదలుకావాలి.

భారతదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 ప్రాణాలు తీశాయి. పోయినవారిలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు నడిచేవారే. నియమాలు లేక కాదు. ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల ఖాళీ దారి ఉండాలని రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రమాణాలు పాటించని రోడ్డు వల్ల మరణమో వైకల్యమో కలిగితే కట్టినవారికి, నిర్వహించేవారికి లక్ష రూపాయల దాకా జరిమానా వేసే 198ఎ సెక్షన్‌ను 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కును రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది.

జీబ్రా క్రాసింగ్‌కు చావు కొత్త తారు రూపంలో వస్తుంది. పాత రోడ్డు మీద ఇంకో పొర పరిస్తే చారలు కింద పూడుకుపోతాయి. పొరలు పెరిగేకొద్దీ ఎత్తు చేసిన క్రాసింగ్ కూడా రోడ్డుతో సమమై కళ్లెం కోల్పోతుంది. అందుకే పాత పొరను చెక్కేసి కొత్తది వేయాలి. బండ్లు నెమ్మదిగా తిరిగేలా కూడలి మూలల మలుపు ఇరుకు చేయాలన్నా, మధ్యలో గట్టు కట్టాలన్నా, బస్టాపు దగ్గరికి దాటే చోటు జరపాలన్నా తక్కువ ఖర్చుతో కుదిరేది ఆ తారు పని జరిగే రోజుల్లోనే. మనుషులూ యంత్రాలూ అప్పటికే వీధిలో ఉంటాయి. తారు ఆరాక పాత చోటే పాత చారలు గీస్తే పాత ప్రమాదమే మళ్లీ పుడుతుంది. గీసేముందు ఆ వీధిని రోజూ దాటే పిల్లలు, ముసలివారు ఎక్కడ నుంచి ఎక్కడికి నడుస్తున్నారో ఒక పూట నిలబడి చూస్తే, జీబ్రా క్రాసింగ్ సరైన చోట మళ్లీ పుడుతుంది.