థీసిస్ వర్క్ చేయబడును

ఆదాయపు పన్నుకు ఉన్నట్టే మన దేశంలో కాపీ కొట్టడానికీ శ్లాబులున్నాయి. 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే అది చిల్లర వ్యవహారం, శిక్షేమీ లేదు. 10 నుంచి 40 దాకా అయితే ఆరు నెలల్లోపు సరిదిద్దుకుని రావాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు ఆ ఛాయలకు రాకూడదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అందరికీ తెలిసిన సంగతులైతే వరుసగా 14 మాటల దాకా లెక్కలోకి తీసుకోరు. భూమికి సీలింగ్ ఉందని విన్నాం గానీ, సామాన్య జ్ఞానానికి సీలింగ్ పెట్టిన ఘనత మాత్రం యూజీసీదే.

కృతజ్ఞతల పేజీకీ మినహాయింపు ఉంది. ఇది చాలా ముందుచూపుతో ఇచ్చిన మినహాయింపు. గైడుగారి శ్రీమతికి, ఆవిడ ఇచ్చిన కాఫీలకు చెప్పే ధన్యవాదాలు శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అక్షరం తేడా లేకుండా ఉంటాయి మరి.

ఈ రాత ఎవరి రాతతో కలుస్తోందని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. ఎవరు రాశారని అడగదు. అందుకోసం ఒక హామీపత్రం ఉంది: ఇది నా సొంత పరిశోధన అని స్కాలర్ రాసివ్వాలి. చాలా థీసిస్సుల్లో స్వహస్తంతో జరిగేది ఆ ఒక్క సంతకమే.

శాతం తగ్గించడం పెద్ద విద్యేమీ కాదు. మాటను తీసి దానికి పర్యాయపదం పెట్టే సాఫ్ట్‌వేర్లు ఎప్పుడో వచ్చాయి. ఫ్రాన్స్‌లో గియోమ్ కాబనాక్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2021లో ఇలాంటి వ్యాసాలను జల్లెడ పడితే బ్రెస్ట్ క్యాన్సర్ కాస్తా ‘బోసమ్ పెరిల్’ అయి కనిపించింది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అయింది. పోలిక తగ్గింది, రోగం పేరు మారింది. రోగి ఏమైనట్టని అడగడానికి సాఫ్ట్‌వేర్‌లో మీట లేదు.

యూనివర్సిటీ గేటు ఎదురుగా, జిరాక్స్ మిషన్ల వెనకాల ఆ హామీపత్రాల అసలు హామీదారు కూర్చుని ఉంటాడు. ఏ యూనివర్సిటీ అని అడక్కండి, గేటుంటే చాలు. మనిషి డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేశాడు. అయినా కామర్స్, ఎడ్యుకేషన్, మేనేజ్‌మెంట్, తెలుగు, వ్యాయామ విద్య దేనికైనా సిద్ధం. స్వయం సహాయక సంఘాల మీద ఆయన చేతి మీదుగా వెళ్ళిన థీసిస్సులకు లెక్కలేదు. వాటిలో స్కాలర్ స్వయంగా రాసింది ఒక్కటీ లేదు.

“డేటా మీరు తెస్తారా సార్, మమ్మల్నే చూసుకోమంటారా?” అని అడుగుతాడు. చూసుకోమంటే సాయంత్రానికల్లా మూడొందల మంది మహిళలు ఎక్సెల్ షీటులో పుడతారు. వాళ్ళకు వయసుంటుంది, చదువుంటుంది, పొదుపుంటుంది, ప్రతి ప్రశ్నకూ ‘అంగీకరిస్తున్నాను’ అనే మంచి మనసుంటుంది. వాళ్ళలో ఎవరూ “నాట్లకు పోవాలి, రేపు రండి” అనరు. అప్పు ఎంతని అడిగితే ఆడబిడ్డ వైపు చూసి అబద్ధం చెప్పరు. ముఖ్యంగా “ఇవన్నీ రాసుకుపోయి ఏం చేస్తారమ్మా?” అని ఎదురు ప్రశ్న వెయ్యరు. స్వయంగా ఊళ్ళకు వెళ్ళే పిచ్చివాళ్ళకు మొదటి ఊళ్ళోనే ఆ ప్రశ్న తగులుతుంది. తిరుగు బస్సులో కూర్చుని తమ ప్రశ్నావళి తామే చదువుకుంటే, ఇందులో సగం ప్రశ్నలు ఆ గుమ్మంలో నిలబడని మనిషి రాసినవని తెలుస్తుంది. చించేసి కొత్తది రాసుకుంటారు. పీహెచ్‌డీకి 2022 యూజీసీ నిబంధనలు ఇచ్చిన ఆరేళ్ళ గడువు ఇలాంటివాళ్ళకే చాలదు. షాపులో చేయించుకున్నవాళ్ళకు చివర్లో మిగిలిపోతుంది.

ఈ గిరాకీ ఊరికే రాలేదు. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే డాక్టరేట్ ఉండి తీరాలని 2018లో అన్నారు. 2021 నుంచి అమలన్నారు. 2023కు వాయిదా వేశారు. తీరా ఆ ఏడు వచ్చాక నెట్టో సెట్టో ఉంటే చాలన్నారు. ఈలోగా షాపు రెండో అంతస్తు లేచింది.

న్యాయంగా చూస్తే స్నాతకోత్సవంలో గౌను ఆ షాపాయనకే తొడగాలి. చై-స్క్వేర్ ఎప్పుడు వాడాలో స్కాలర్‌కు తెలియదు, ఆయనకు తెలుసు. ఏ ఎక్స్‌టర్నల్‌కు ఏ టెస్టు ఇష్టమో కూడా తెలుసు. వైవాకు పది ప్రశ్నలు, పది జవాబులు చీటీ మీద రాసిచ్చేదీ ఆయనే. పదకొండో ప్రశ్న రాకుండా సమోసాలు చూసుకుంటాయి.

వెనకటివాళ్ళకు ఈ వసతి లేకపోయింది. పాపం, గిడుగు రామమూర్తిగారి సంగతే చూడండి. ఆయనను ఎవరూ పీహెచ్‌డీ చెయ్యమనలేదు, ఇంక్రిమెంటు ఆశ చూపలేదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, తెలుగు వచ్చిన ఒక సవర గిరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలు పట్టుకుని తిరిగారు. మలేరియా వస్తే క్వినైన్ మింగారు, వినికిడి పోయింది. జనం మాట వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఇంతకంటే నష్టం ఏముంటుంది? మన షాపే ఉంటే చెవులు దక్కేవి. సవర నిఘంటువు స్పైరల్ బైండింగుతో సహా వారంలో చేతికొచ్చేది. కాకపోతే ఒక చిక్కుంది. తర్వాత వాడుక భాష కోసం పండితులను ఢీకొట్టిన గిడుగు మనకు ఎక్కణ్ణుంచి వచ్చేవాడు? పుస్తకమే లేని భాషకూ పద్ధతి ఉంటుందని కొండ మీద చెవులారా విన్నవాడు గనకే, జనం నోట్లో తెలుగు తప్పుల తడక అంటే ఆయన నమ్మలేదని నా అనుమానం. ఆ నమ్మకపోవడం ఏ ప్యాకేజీలోనూ రాదు.

ఉస్మానియాలో 1956లో జానపద గేయాల మీద డాక్టరేట్ పుచ్చుకున్న బిరుదురాజు రామరాజుగారిదీ అదే అమాయకత్వం. అప్పటికి ఆ పాటలు ఎక్కువగా పాడేవాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి. వెళ్ళి రాసుకున్నారు. ఇప్పుడైతే ఆయన థీసిస్‌నే అటూ ఇటూ మార్చి 9 శాతంతో గట్టెక్కవచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మరీ విచిత్రం. 1957లో అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి తెలుగు క్రియాధాతువుల మీద డాక్టరేట్ తెచ్చుకున్నారు. అక్కడితో ఆగి పేరు ముందు ‘డాక్టర్’ రాసుకుని కూర్చోవచ్చు కదా! రైతు దేనిని ఏమంటాడో జిల్లా జిల్లా నుంచి సేకరించే పనిలోకి దిగి, 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చారు. చేతులారా చేసిన పనికి ఈ దుర్గుణం ఉంది, ఇంకో పనిని కంటుంది. మనవాళ్ళ థీసిస్సులకు ఆ బెడద లేదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారం శోధగంగలో కలిపేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చేస్తారు.

జర్మనీలోనైతే తిరిగి చూస్తారు. 1980లో థీసిస్ రాసి, ఆనక విద్యామంత్రి అయిన అనెట్టె షావాన్ డాక్టరేట్‌ను డ్యూసెల్‌డార్ఫ్ యూనివర్సిటీ 2013లో రద్దు చేసింది. ఆవిడ పదవి వదులుకున్నారు. ఇంతకీ ఆ థీసిస్ అంతరాత్మ గురించి. అంతకు రెండేళ్ళ ముందు రక్షణ మంత్రి గుటెన్‌బర్గ్‌దీ ఇదే కథ. ముప్పైమూడేళ్ళ నాటి కాగితాలు తిరగేసేంత తీరిక ఉన్న దేశం ఎప్పటికి బాగుపడుతుందో!

మొన్న షాపాయన దిగాలుగా కనిపించాడు. “స్కాలర్లు చెడిపోయారండీ. ఎవరి థీసిస్ వాళ్ళే చేసేసుకుంటున్నారు” అన్నాడు. నేను సంతోషించబోయాను. “ఫోన్లో” అన్నాడు. తను కనీసం పుస్తకాల విషయసూచికలు చదివేవాడట. కొఠారీ రాసిన రీసెర్చ్ మెథడాలజీ అట్ట ఊడిపోయేదాకా తిరగేశాడట. వీళ్ళు యంత్రం ఇచ్చిన జవాబైనా చదవట్లేదని ఆయన బాధ. అది నిజమే. 2024లో ఎల్సెవియర్ వారి పత్రికలో వచ్చిన ఒక వ్యాసం మొదలవడమే “తప్పకుండా, మీ అంశానికి పరిచయం ఇదిగో” అనే ధోరణిలో మొదలైంది. యంత్రం చూపిన మర్యాదను కూడా వదలకుండా అతికించారు. రచయితలు, సమీక్షకులు, సంపాదకులు, అందరి చేతులూ దాటాకే అచ్చయింది.

“మరి గిట్టుబాటు ఎలాగయ్యా?” అన్నాను.

“ఏఐ తీసేస్తున్నామండీ. సాఫ్ట్‌వేర్‌కు దొరక్కుండా, మనిషి రాసినట్టు మార్చివ్వడం. పేజీకి ఇంతని.”

“ఎలా మారుస్తారు?”

“ఏముందండీ, అక్కడక్కడ తప్పులు పెడతాం. స్కాలర్ రాసినట్టుండాలి కదా!”