పలక.బీఎంపీ: టీకా తాత్పర్యసహితము

మూలము: పలక.బీఎంపీ, వెడల్పు 1000, ఎత్తు 1000, బిట్ డెప్త్ 24.

అవతారిక: మార్కాపురమునందలి రాతిపలకల వర్తకుడొకడు దూరదేశమునకు పంపదలచిన ఛాయాచిత్రముపై మౌసు కుడిమీట నొక్కి ‘ప్రాపర్టీస్’ తెరవగా వెలువడిన వాక్యమిది. మల్లినాథసూరి దీనికి వ్యాఖ్య వ్రాయకపోవుటచే ఆ భారము మాపై బడినది.

టీక: పలక = నేలకు పరచెడి రాతిపలక; ఓనమాలు దిద్దు పలక కాదు, దాని ప్రసంగము ముందు రాగలదు. వెడల్పు, ఎత్తు = స్పష్టము; వెరసి 10 లక్షల చుక్కలు. బిట్ = సున్నయో ఒకటియో యగు అంకము. డెప్త్ = లోతు; కంభము చెరువునకు జెప్పు లోతు కాదు, ఒక్కొక్క చుక్క రంగును వ్రాయుటకు కేటాయించిన బిట్ల సంఖ్య. 24 = ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు తలకెనిమిది.

తాత్పర్యము: బిట్టొక్కటియే యున్నచో బలపము గీచిన చోటు, గీయని చోటు అను రెండే భేదములు గావున, మనము ఎంగిలితో తుడిచిన బడిపలక సాక్షాత్తు ఏకబిట్టు చిత్రమే. బిట్టొకటి పెరిగినప్పుడెల్ల రంగుల సంఖ్య ఇబ్బడించుచు, ఎనిమిదింటికి 256, ఇరువదినాలుగింటికి 1,67,77,216 అగును. 10 లక్షల చుక్కలలో ఇన్ని రంగులెట్లు పట్టునని తార్కికుడడుగును. పట్టవు. అది ఎంచుకొనుటకు గల అవకాశమే కాని, ఎంచుకొన్న రంగుల లెక్క కాదు.

విశేషము: బడిపలకకు రెండు రంగులు చాలును గాని, అదే సీమ గనులనుండి వెలువడు రంగురాళ్లలో నలుపు బూడిదలోనికి, బూడిద తుప్పుడాలులోనికి ఎచట తెగినదో తెలియకుండ జారిపోవుచుండును. చిత్రములను దాచుటకై 1987లో పుట్టిన జిఫ్ పద్ధతి ఒక బొమ్మకు 256 రంగులకు మించి ఒప్పుకొనదు. అట్టిదానిలో ఈ రాయిని నిలిపినంతనే ఆ జారుడు మెట్లుమెట్లై విరిగి, లేని చారలు పుట్టును. పలకరాయి సహజముగనే పొరలుగా చీలునది గనుక, కొనువాడు ఆ చారలను రాతి పొరలనియే భ్రమించి బేరమాడును.

శంక: మూలమున 24 అని స్పష్టముగ నున్నదే, ఈ చిత్రమున చారలెక్కడివి?

సమాధానము: ఈ చిత్రమును తొలుత జిఫ్‌గా దాచి, పిమ్మట బీఎంపీగా మార్చిరి. గిద్దలూరినుండి పెద్ద లారీ వచ్చినంతమాత్రమున సరకు వచ్చినట్లా? పోయిన రంగులు వెనుకకు రావు. ఇప్పుడీ ఫైలు ఇంచుమించు 30 లక్షల బైట్లు, రంగులు 256.