అమీర్‌పేటలో తోలినవాడు

“అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటికి కారు తోలినవాడు ప్రపంచంలో ఎక్కడైనా తోలతాడు.” ఇటలీ వీసా వచ్చిన దగ్గర్నుంచి ఈ మాట మీ చెవిన పడుతోందంటే మీ ఇంట్లోనో, మీ వియ్యాలవారింట్లోనో ఒక సారథిగారు ఉన్నట్టే. వయసు యాభైకి అటూ ఇటూ. మారుతీ 800 మీద చెయ్యి తిరిగిన మనిషి. రోము నుంచి ఫ్లారెన్స్‌కి రైల్లో గంటన్నరే అని కూతురు ల్యాప్‌టాప్ తెరిచి చూపించబోతే ఆయనే మూసేస్తారు. “రైలు హోటల్ గుమ్మం దాకా రాదుగా అమ్మా!” అంటారు. నిజమే, రాదు. గుమ్మం దాకా కారునీ రానివ్వని ఊళ్ళు ఉంటాయని ఆయనకింకా తెలీదు.

ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో 1000 రూపాయలు కట్టి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకున్న రోజు నుంచి ఆయన నడకే వేరు. ఏడాది చెల్లే ఆ చిన్న పుస్తకం పెళ్ళికెళ్ళినా జేబులోనే ఉంటుంది. “యూఎన్‌వాళ్ళదిలే” అని భోజనాల బల్ల దగ్గర పక్కాయనకి తీసి చూపిస్తారు. ఠస్సా వేసింది ఖైరతాబాద్ గుమాస్తాయే. కానీ దాని మూలం 1949 నాటి జెనీవా ఒప్పందంలో ఉంది కాబట్టి ఆయన అన్నది పూర్తిగా కోత అనడానికీ లేదు.

రోము విమానాశ్రయంలో ఆయనకి దొరికేది ఫియాట్ పాండా. నలుగురు మనుషులు, నాలుగు పెట్టెలు, ఒక రైస్ కుక్కర్, ఆవకాయ డబ్బా. “మా నాన్నగారికి ఫియట్ ఉండేదమ్మా” అని కౌంటర్లో అమ్మాయికి ఇంగ్లీషులో చెబుతారు. మన ప్రీమియర్ పద్మినికి పుట్టిల్లు 1899లో ట్యూరిన్‌లో మొదలైన ఈ కంపెనీయే కాబట్టి చుట్టరికం కలిపితే క్రెడిట్ కార్డు మీద ఆపే డిపాజిట్ కాస్త తగ్గుతుందేమోనని ఆశ. ఆ అమ్మాయి నవ్వుతుంది. డిపాజిట్ తగ్గదు.

తర్వాత దర్జాగా వెళ్ళి కుడివైపు తలుపు తీసి కూర్చుంటారు. ఎదురుగా స్టీరింగ్ ఉండదు. “ఇన్సూరెన్స్ కాగితాలున్నాయో లేదో చూస్తున్నా” అని డాష్‌బోర్డు అర తెరిచి, ఒక నిమిషం వెతికి, దిగి అటువైపు వెళతారు. ఇంట్లోవాళ్ళు చూడనట్టు ఊరుకుంటారు. అక్కణ్ణుంచి కష్టమంతా ఆయన ఎడమచేతిది. పాపం, పాతికేళ్ళ అలవాటు కొద్దీ గేరు కోసం వెళుతుంది, తలుపు పిడి పట్టుకుని వెనక్కొస్తుంది. మన మారుతీల్లో ఇండికేటర్ కుడిచేతి కింద ఉంటుంది, అక్కడ ఎడమచేతి కింద. అందుకని సారథిగారు మలుపు తిరిగినప్పుడల్లా వైపర్లు లేస్తాయి. ఎర్రటి ఎండలో, చుక్క వాన లేకుండా అద్దం తుడుచుకుంటూ మలుపు తిరిగే పాండా కనబడితే అందులో మనవాళ్ళున్నారని ధైర్యంగా చెయ్యి ఊపొచ్చు.

పక్కసీట్లో శ్రీమతిగారిది ఒకటే ఉద్యోగం. “కుడి, కుడి, ఏవండీ, కుడివైపుండండీ!” అని గుర్తు చెయ్యడం. ఫోన్లో ఇంకో ఆవిడ ఇటాలియన్ వీధుల పేర్లని ఇంగ్లీషు యాసలో నుజ్జు చేస్తూ ఉంటుంది. సారథిగారు ఇద్దరినీ నమ్మరు. అద్దం దించి మనిషిని అడిగితేగాని ఆయనకి దారి దొరికినట్టుండదు. హైదరాబాద్‌లో పాన్‌డబ్బా ఉంది, ఆటోస్టాండు ఉంది. ఆటోస్ట్రాడా మీద ఎవరిని అడుగుతారు?

నన్నడిగితే ఆయన అసలు కష్టం ఇక్కడే ఉంది. డ్రైవింగ్ రాక కాదు, అద్భుతంగా వచ్చు. అయితే ఆయనకొచ్చిన డ్రైవింగ్ సగం సంభాషణ. మెట్రో స్తంభాల కింద చిన్న హారన్ కొడితే ‘నేనూ ఉన్నాను’ అని. రెండుసార్లు కొడితే ‘వస్తున్నా, కాస్త జరుగు’ అని. డిప్పర్ కొడితే ‘నేను ముందు, నువ్వాగు’ అని. ఆర్టీసీ డ్రైవర్ కనుబొమ్మ ఎగరేస్తే ‘సరే పో, కానీ త్వరగా’ అని. కిటికీలోంచి బయటికొచ్చిన అరచెయ్యి బతిమాలుతుంది, బెదిరిస్తుంది, థాంక్స్ చెబుతుంది. గీతలూ బోర్డులూ ఏమన్నా, ఎదుటి మనిషి మొహం చూసి వ్యవహారం తేల్చుకోవడమే ఆయన విద్య. అలాంటాయన్ని తీసుకెళ్ళి 1964లో పూర్తయిన మిలాన్-నేపుల్స్ ఏ1 రహదారి మీద వదిలిపెట్టారు. ఒక్కడూ హారన్ కొట్టడు. ఒక్కడూ ఇటు చూడడు. అంత నున్నటి రోడ్డు మీద ఆయనకి దిగులేస్తుంది.

ఓఆర్‌ఆర్ మీద కుడి లేన్ ఎలాగైతే ఆయన సొంతమో, ఇక్కడ ఎడమ లేన్ అలాగే సొంతం చేసుకుని వందలో వెళుతుంటారు. అది దాటి వెళ్ళడానికి మాత్రమే. వెనక ఆడి కారు లైట్లు కొడుతుంది. “ఆగమంటున్నాడేంటి?” అని సారథిగారు ఇంకాస్త నెమ్మదిస్తారు. వాడు జరగమంటున్నాడని వెనకసీట్లో కొడుకు చెప్పేసరికి రెండు కిలోమీటర్లు గడుస్తాయి. పరిమితి 130 అని తెలిశాక కొత్త ఉత్సాహం వస్తుంది. కెమెరా కనబడితే ఎనభైకి తగ్గడం, దాటగానే నూట యాభైకి పెంచడం, మన ఊళ్ళో ఎన్నో చలాన్లు తప్పించిన చిట్కా. అక్కడ ట్యూటర్ అనే ఏర్పాటు ఒకటుంది. ఈ గేటు దగ్గర ఎన్నింటికి దాటావు, ఆ గేటు దగ్గర ఎన్నింటికి దాటావు అని చూసి సగటు వేగం లెక్కగడుతుంది. దాని ముందు బ్రేకు వేసినా దండం పెట్టినా ఒకటే.

టోల్‌గేటులో క్యూ లేని లేన్ చూసి దూరతారు. ఫాస్టాగ్ అలవాటు. అది టెలిపాస్ పరికరం ఉన్నవాళ్ళకి మాత్రమేనని పైన పసుపు బోర్డు ఉంది. కర్ర లేవదు. సాయం బటన్ నొక్కితే ఇటాలియన్ గొంతు పలుకుతుంది. సారథిగారు ముందు ఇంగ్లీషులో, తర్వాత గట్టి ఇంగ్లీషులో, చివరికి తెలుగులో సమాధానం చెబుతారు. మిషన్లోంచి ఒక చీటీ వస్తుంది, కర్ర లేస్తుంది. “చూశావా, మాట్లాడితే ఎవడైనా వింటాడు” అంటారు భార్యతో. ఆ చీటీ తర్వాత కట్టాల్సిన బిల్లని హోటల్లోగాని తెలియదు.

పెట్రోలు బంకులో కుర్రాడొస్తాడని పది నిమిషాలు కూర్చోవడం గురించి వివరంగా చెప్పను. ఫ్లారెన్స్ గురించి చెప్పాలి.

ఇటలీలో చాలా పాత ఊళ్ళ నడిబొడ్డున వాహనాలకి ఆంక్షలుండే ప్రాంతం ఉంటుంది. జెడ్‌టీఎల్ అంటారు. మొదట్లో ఎర్రంచు తెల్ల వలయం, దాని కింద ఏ వేళల్లో ఎవరికి అనుమతో చెప్పే నాలుగు వరసలు, పైన కెమెరా. ఆ నాలుగు వరసలు చదివేలోపు కారు లోపలుంటుంది, ఫోటో కంప్యూటర్లో ఉంటుంది. హోటల్ లోపలే ఉంటే ముందుగా కారు నంబరు చెబితే వాళ్ళే నమోదు చేయిస్తారు. ఆయన చెప్పలేదు. లోపలికి పోగానే ఒక్క కారు లేదు. “రోడ్డెంత ఖాళీగా ఉందో చూడండి! వీళ్ళకి ఈ అడ్డదారి తెలిసినట్టు లేదు” అని మురిసిపోతారు. హోటల్ దాటిపోతారు. బయటికొస్తారు. మళ్ళీ లోపలికెళతారు. నడిచేవాళ్ళు వింతగా చూస్తుంటే, విదేశీయుల్ని ఎంత మర్యాదగా గమనిస్తున్నారో అని ఆయనే చెయ్యి ఊపుతారు. చివరికి నాలుగు కార్లు ఆగి ఉన్న సందులో తనూ ఆపుతారు. నేల మీది పసుపు గీతలు వేరేవాళ్ళకి కేటాయించినవని తెలియదు. తెలిసినా ఏం లాభం? పదిమంది పెట్టినచోట పెట్టొచ్చన్నది ఆయన పార్కింగ్ శాస్త్రంలో మొదటి సూత్రం.

ఇంత అవమానం తర్వాత నేపుల్స్ వస్తుంది.

ఊళ్ళోకి దిగగానే కుడిపక్క నుంచి ఒక స్కూటర్, దాని మీద ముగ్గురు, అద్దం అంచు తాకేంత దగ్గరగా దూసుకుపోతారు. వెనకనుంచి హారన్. ఎదురుగా రోడ్డు మధ్యలో కారాపి ఒకాయన మేడమీది మనిషితో మాట్లాడుతుంటాడు. సిగ్నల్ పచ్చగా ఉన్నా ఒక ముసలావిడ డ్రైవర్ల కళ్ళలోకి చూసుకుంటూ రోడ్డు దాటేస్తోంది. శ్రీమతిగారు కళ్ళు మూసుకుంటారు. సారథిగారి వెన్ను నిటారవుతుంది. అద్దం దించి మోచెయ్యి బయటపెడతారు. చిన్న హారన్ ఒకటి కొడతారు, జవాబు వస్తుంది. చెయ్యి తిప్పుతారు, అవతలివాడూ తిప్పుతాడు. ఇద్దరూ చెరో భాషలో చెరో మాటా అనుకుని, ఎవరికెంత జాగా కావాలో తేల్చుకుని, అంగుళం తేడాలో తప్పుకుపోతారు. ఆ పూట ఆయన ఒక్క రాంగ్ గేరు వెయ్యరు, వైపర్లు ఒక్కసారీ లేవవు. “వీళ్ళు మనవాళ్ళే!” అంటారు గొంతు గద్గదమై. ఇటలీ మొత్తంలో ఆయనకి నచ్చిన ఊరు అదొక్కటే. పోంపేయి చూడ్డానికి కూడా కారు దిగబుద్ధి కాలేదు.

విదేశీయులకి నోటీసు పంపడానికి ఇటలీ చట్టం 360 రోజుల గడువిస్తుంది. కార్డులోంచి కారు కంపెనీ ఎందుకు డబ్బు కోసిందో మరిచిపోయిన వేళకి ఫ్లారెన్స్ నుంచి రిజిస్టర్డ్ పోస్టులో కవర్లు దిగుతాయి, దాటిన ప్రతి గేటుకీ ఒకటి. 5 రోజుల్లో కడితే 30 శాతం తగ్గింపని ఉంటుంది. శ్రీమతిగారు అప్పుడే కార్డు తీస్తారు. సారథిగారు ఆపుతారు. 2023 డిసెంబర్లో తెలంగాణ పోలీసులు పాత చలాన్ల మీద కార్లకి 60 శాతం రాయితీ ప్రకటించినప్పుడు, అప్పటిదాకా ఓపిక పట్టి ఒక్కసారే కట్టిన మనిషాయన.

“తొందరపడకే. ఐదు రోజులకే ముప్పై తగ్గించారంటే బేరం మొదలెట్టారన్నమాట. సంక్రాంతి దాకా ఆగు, అరవైకి దిగుతారు.”