అభయశాసనం లేని ఓడ

వరంగల్ నుంచి బంగాళాఖాతానికి ఎంత దగ్గరి దారిన పోయినా రెండు వందల కిలోమీటర్ల పైచిలుకే. చెరువు తవ్వుకుని, దానికే గణపసముద్రం అని పేరు పెట్టుకుని తృప్తిపడ్డ నేల ఇది. మా హనుమకొండలో బాలసముద్రం అని ఒక పేట ఉంది కానీ అక్కడ నిలబడితే మీద పడేది అల కాదు, బస్సు లేపిన దుమ్ము. ఇలాంటి ఊళ్లో ఈత రాని, పడవ ఎక్కితే కళ్లు తిరిగే, యాభై దాటిన ఒక గృహస్థును బలవంతంగా సముద్రం మీదికి తోలితే అడిగే దిక్కు లేదా అన్నది నా మొదటి ప్రశ్న.

తోలింది పగవాళ్లు కాదు. కన్న కూతురు.

డిగ్రీ చదివే ఆ పిల్లకు ఎక్కడో ‘తారిణి’ కథ దొరికింది. మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవాలో ఆ తెరచాప పడవ ఎక్కారు. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లో లిటిల్టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, ఆఫ్రికా కొసన కేప్‌టౌన్ మీదుగా భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి గోవా చేరారు. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్లు. ఆ ఆరుగురిలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. వాళ్లంటే నాకు గౌరవం, గర్వం కూడా. నా ఫిర్యాదల్లా వాళ్ల పేరు చెప్పి మా హాల్లో క్యాలెండరు పీకేసి, ఆ మేకుకు ప్రపంచపటం తగిలించిన వాళ్ల మీదే.

ఏర్పాటు ఇదీ. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆవిడ, కూతురు, పదో తరగతి కొడుకు, మా అమ్మ. రోజంతా మేం నడిచిన దూరం కూడితే, రాత్రి భోజనాలయ్యాక పటం మీద కాగితపు ఓడ అంత ముందుకు జరుగుతుంది. తలా పదివేల అడుగులు తప్పనిసరి. వెంటనే లెక్క తీశాను. నాటికల్ మైలుకు 1,852 మీటర్లు, మొత్తం నలభై వేల కిలోమీటర్లు. పదివేల అడుగులంటే సుమారు ఏడు కిలోమీటర్లు, ఐదుగురికీ కలిపి రోజుకు ముప్పై ఐదు. మూడేళ్లు దాటుతుంది. “అప్పటికి నీ పెండ్లయితది, తమ్ముడు ఇంజనీరింగుల చేరతడు, ఓడల నేను, మీ నానమ్మ మిగుల్తం” అన్నాను. దాంతో దయతలచి, కిలోమీటరు నడిస్తే ఓడ పది మైళ్లు పోయినట్టని సవరించింది. రెండు నెలల శిక్ష ఖరారైంది. డిసెంబరులో లంగరెత్తాం.

పదవుల పంపకంలోనే నా స్థానం తేలిపోయింది. కూతురు కెప్టెన్. మా ఆవిడ సరుకుల అధికారి, అంటే వంటింటి తాళం యథాతథంగా ఆమె దగ్గరే. కొడుకు దారి చూపేవాడు. నేను తెడ్డు. తెరచాప ఓడకు తెడ్డెందుకని అడిగాను. గాలి లేని రోజున అక్కరకొస్తుందట. ఇరవై ఏడేళ్లుగా ఇంటి కరెంటు బిల్లు కడుతున్న మనిషికి దక్కిన హోదా అది.

పోటీకి ఇంకో ఓడ లేకపోతే పిల్లలకు తోచదు కదా. కాజీపేటలో మా బావమరిది కుటుంబాన్ని ఎక్కించారు. అతనిది రైల్వే ఉద్యోగం. డ్యూటీలో జంక్షన్ ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగిన ప్రతి అడుగూ అతని ఖాతాలో పడుతుంది. ఇనుప పట్టాల పక్కన జీతం తీసుకుంటూ ఒక మనిషి హిందూ మహాసముద్రంలో నన్ను దాటిపోయాడు. ఆ రాత్రి ఫోన్ చేసి, “బావా, ఫ్రీమాంటిల్ల చాయ్ తాగుతున్నం, మీరెక్కడ?” అని అడిగాడు. చుట్టరికం కాబట్టి సహించాను.

అసలీ పదివేలు ఏ వైద్యుడు చెప్పిన లెక్క అని తవ్వి చూశాను. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని పదివేల అడుగుల మీటరు అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. నోటికి పట్టే ఆ వ్యాపారపు పేరే ఇన్నేళ్లుగా లోకం కాళ్లకు చుట్టుకుంది. 2019లో అమెరికాలో దాదాపు పదిహేడు వేల మంది మహిళల మీద ఒక అధ్యయనం వచ్చింది. వాళ్ల సగటు వయసు 72. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. ఈ సాక్ష్యాన్ని కాగితం మీద రాసి కెప్టెన్‌కు సమర్పించాను. ఆమె శ్రద్ధగా చదివి, “మంచిగుంది నాన్నా. ఇది నానమ్మకు వర్తిస్తది. నువ్వు పదివేలు నడువు” అని తిరిగిచ్చేసింది.

నడవడానికి నాకు కేటాయించిన జలమార్గం భద్రకాళి చెరువు కట్ట. ఆ చెరువు నీళ్లను 2024 చివర్లో పూడిక తీయడానికి కిందికి వదిలేశారు. కాబట్టి పటం మీద మా ఓడ దక్షిణ మహాసముద్రంలో తేలుతున్నప్పుడు నా పక్కనున్నది బురద. తెల్లవారుజామున స్వెట్టరు వేసుకుని మఫ్లరు చుట్టుకుని వేగంగా నడుస్తుంటే ఎదురొచ్చిన ప్రతి తెలిసినవాడూ ఒకటే మాట: “ఏం సార్, షుగరా?” ఈ ఊళ్లో రోగం లేకుండా నడిచే మనిషిని ఎవరూ నమ్మరు. ఒకాయనకు విసుగెత్తి, “కాదు, న్యూజిలాండ్ పోతున్న” అన్నాను. కొడుకు దగ్గరికా, బిడ్డ దగ్గరికా అని అడిగాడాయన.

నడక చాలదన్నట్టు పొద్దున్నే పరగడుపున చక్కెర లేని నిమ్మరసం. నావికులకు పట్టే స్కర్వీ జబ్బును నిమ్మ, నారింజ నయం చేస్తాయని 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు ప్రయోగం చేసి చూపించాడని కెప్టెన్ చదివి వినిపించింది, సరుకుల అధికారి అమలు చేసింది. అదే ప్రయోగంలో ఇంకో ఇద్దరు నావికులకు రోజూ ఒక క్వార్టు ఆపిల్ కల్లు పోయించాడాయన. ఆ పేరా ఎవరూ చదవలేదు.

ఇప్పుడు మా అమ్మ సంగతి. ఆమెకు మోకాళ్ల నొప్పులు, గల్లీ దాటదు. మెడలో ఫోన్ వేలాడదీయనని మొండికేస్తే మనవడు చేతికి అడుగుల పట్టీ కట్టాడు. సంక్రాంతి దగ్గరపడింది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, నేల మీద బట్ట పరిచి, పక్కింటివాళ్లతో కలిసి పీటేసుకుని సకినాలు చుట్టడానికి కూర్చుంది. చెయ్యి ఊగితే అడుగని రాసుకునే పరికరం అది. కాలు కదిలిందో లేదో దానికి పట్టదు. సకినానికి నాలుగు చుట్లు, చుట్టుకిన్ని అడుగులు. సాయంత్రం చూస్తే ఓడలో అందరికంటే ఎక్కువ నడిచింది మా అమ్మే. తారిణి దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దాటింది 2018 జనవరిలో. ప్రపంచంలోకెల్లా భయంకరమైన ఆ మలుపును మా అమ్మ పీట మీంచి లేవకుండా, చేతికి పిండి అంటించుకుని దాటేసింది. ఇది మోసం అని అరిచాను. “ఊకె నడిస్తే ఏమొస్తదిరా? ఇవి చేస్తే సకినాలన్న వస్తయి” అంది. కెప్టెన్ ఆ మైళ్లను ఆమోదించింది. ఆ సకినాల్లో నా వాటా మాత్రం రోజుకు ఒకటి. ఓడను నడిపించిన ఇంధనం ఓడ తెడ్డుకు నిషిద్ధమట!

భోగి నాడు వెనకబడ్డ అడుగులన్నీ ఒక్కసారే పూర్తిచేయాలని హనుమకొండ చౌరస్తా నుంచి ఖిల్లా వరంగల్ దాకా నడిచాను. కాకతీయ తోరణం కనబడగానే పిక్క పట్టేసింది. కుంటుకుంటూ శివనగర్‌లో మా చెల్లె ఇంటికి చేరాను. అది నా మొహం చూసి, ఏమీ అడక్కుండా డబ్బానిండా సకినాలు, అరిసెలు పెట్టి ఆటో ఎక్కించింది. ఇంటి గడపలోనే సోదా జరిగింది. ఆటోలో వచ్చిన మైళ్లు కొట్టేశారు, సరే. డబ్బా కూడా మొత్తం జప్తు చేశారు. “నడుస్తనని పోయి గిదా తెచ్చేది?” అంటూ సరుకుల అధికారి దాన్ని అటక మీద, నాకందని మూల పెట్టింది.

ఇక చరిత్రను సాక్షిగా పిలవక తప్పదు. నా ఓడ పగిలిన ఆ కోటను ఏలిన గణపతిదేవ చక్రవర్తి, ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో 1244లో ఒక శాసనం వేయించాడు. మునుపటి రాజులు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం గుంజుకునేవాళ్లు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చినవాడికి ధనం ప్రాణంకంటే విలువైనదే కదా అని తలచి, న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోబోనని ఆయన రాతి మీద మాట ఇచ్చాడు. ఆ సుంకమైనా ఎంత? ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, దంతం, పట్టు, మిరియాలు దిగిన రేవు అది. చీనా కర్పూరం తెచ్చిన పరాయి దేశపు వర్తకుడికి దొరికిన అభయం, ఆ రాజు కోట పక్కనే పిక్క పట్టేసిన వరంగల్ మనిషికి, సొంత చెల్లె ఇచ్చిన డబ్బాకు దొరకలేదు.

ఈ వాదనంతా రాత్రి భోజనాల దగ్గర వినిపించాను. కొడుకు మాత్రం, “నాన్న చెప్పింది పాయింటే” అన్నాడు. వాడికి అరిసెలంటే ప్రాణం కాబట్టి ఆ సాక్ష్యం చెల్లదన్నారు. ప్రస్తుతం మా ఓడ పోర్ట్ స్టాన్లీ దాటి కేప్‌టౌన్ దారిలో ఉంది. బావమరిది ఓడ అక్కడికి ఎప్పుడో చేరింది.

కాబట్టి కెప్టెన్ గారికి, సరుకుల అధికారి గారికి నా బహిరంగ విన్నపం: డబ్బా అటక మీంచి దించండి. లెక్కపెట్టి, ముప్పై సకినాలకు ఒకటి చొప్పున సుంకం పట్టుకోండి. అరిసెల మీద కావాలంటే రెండు పట్టుకోండి, మిగతావి ఓడ పగిలినవాడికి వదిలేయండి. ఇది చదివిన నగర వాసులకూ ఒక మాట. పొద్దున్నే చెరువు కట్ట మీద మఫ్లరు చుట్టుకున్న మనిషి ఎదురైతే దయచేసి షుగరా అని అడగకండి. వచ్చేటప్పుడు జేబులో రెండు సకినాలు వేసుకుని రండి.