వర్ణపాక పద్యమునకు టీకాతాత్పర్యములు

తినెడి సోడ నాల్గు తేనెచుక్కయుఁ గూర్చి
పులుసునీరు రెండు పోసి పొంగ
పసుపు బీటుదుంప పాత్రలం దెండించి
చిన్నవారి కిమ్ము చిత్ర మెసఁగ

అవతారిక: అయిదవ నిజామగు అఫ్జలుద్దౌలా (1857–1869) పేరిట వెలసి, ధాన్యపు వర్తకులతో పెరిగిన అఫ్జల్‌గంజ్‌లో, 1891లో ఆసఫియా యను పేర మొదలై నేడిచట నున్న కేంద్ర గ్రంథాలయమున మహాగ్రంథములకు వ్యాఖ్యానములు కలవు గాని, దానికి కూతవేటు దూరమున పొట్లములు కట్టు కిరాణా అంగళ్ల సరకునకు లేకపోవుట లోపమని తోచి, పిల్లలకు నీటిరంగులు చేసియిచ్చు విధమును తెలుపు ఈ పద్యమును నేనే కట్టి, నేనే వ్యాఖ్యానింప బూనితిని. పాఠాంతరములు లేవు.

టీక: తినెడి సోడ = వంటసోడా; అంగడివాడు ఖానేకా సోడా యనును. 'తినెడి' యనుట పాదపూరణమునకు గాదు, పిల్లల చేతికి తగని బట్టలసోడాను వారించుటకు. నాల్గు = పెద్ద చెంచాలు నాలుగు. తేనెచుక్క = చిన్న చెంచాలో సగము. పులుసునీరు = వెనిగరు, అనగా సిర్కా; రెండు పెద్ద చెంచాలు. పొంగ = సోడాను ఆమ్లము తాకినంతనే బొగ్గుపులుసు వాయువు పుట్టి నురుగెత్తగా; అది అణగిన పిదపనే తక్కినవి కలుపవలెను. గిన్నె పెద్దదై యుండవలెనను మాట పద్యమున లేదు, నేల తుడిచినవారికి తెలియును.

పులుసనగా చింతపులుసే యని వాదించువారు గలరు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినపుడు సుమారు నూటయేబది ప్రాణములను కొమ్మలపై నిలిపిన చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నుండగా, ఈ పేటవారికి చింతపై పక్షపాతము సహజమే. అయినను చింతపులుసు తన మట్టిరంగును ప్రతి రంగునకు నంటగట్టును. చెట్టుపై భక్తి వేరు, పాకము వేరు. వెనిగరు లేనిచో నిమ్మరసము చాలును.

మొక్కజొన్నపిండి రెండు చెంచాలు పద్యమున లేవేమనగా, గణములలో నిమడలేదు, అధ్యాహారము చేసికొనవలయును. మఱచినవారికి రంగు బిళ్ల కట్టదు.

పసుపు = ఇచట కవికిని వ్యాఖ్యాతకును పొత్తు కుదరదు. వెనిగరులో ఆమ్లము సాధారణముగా నూటికి అయిదు పాళ్లకు మించదు గావున, నాలుగు చెంచాల సోడాలో చాలభాగము చెక్కుచెదరక మిగిలి, పాకమునకు క్షారగుణము నిలుచును. క్షారము తగిలిన పసుపు పసుపుగా నుండదని, సున్నముతో పారాణి కలిపిన ప్రతి యిల్లాలికిని తెలిసినదే. చిటికెడు పసుపు తెల్లని ముద్దపై వేసినప్పుడు పచ్చగనే యుండును. చెంచా త్రిప్పినకొలది తడి తగిలిన యంచులు ఎఱ్ఱబారి, బాలుడు సూర్యుని వేయ గూర్చుండునప్పటికి గిన్నెలో ఇటుకరంగు సిద్ధమై యుండును. ఇంటి కప్పు వేయుటకు అది పనికివచ్చును గాని, సూర్యునకు పనికిరాదు.

బీటుదుంప = మరిగించి చిక్కజేసిన దాని రసము. వెలుతురున వన్నె తరుగును.

పాత్రలు = ఇడ్లీరేకు గుంటలు, గృహిణి యనుమతితో. ఎండలో నొక దినము, ముసురులో రెండు దినములు పట్టును. చిత్రము = బొమ్మయు, ఆశ్చర్యమును.

తాత్పర్యము: సోడాపాకము చూచుటకు ముచ్చటైనది, ఆరినపిమ్మట సుద్దవలె పెళుసు. నిజమైన నీటిరంగునకు లోకమంతటను కట్టు తుమ్మజాతి జిగురు, దానికి మెత్తదనమిచ్చునది తేనె. తుమ్మజిగురు గడ్డలను రాత్రి నీట నానవైచి, ఉదయమున గుడ్డలో వడకట్టి, తేనెచుక్క చేర్చి, అందు పసుపు కలిపినచో పచ్చదనము చెడదు. చేర్యాల నకాషీ చిత్రకారులును గుడ్డను సిద్ధపఱచునపుడు చింతగింజల యంబలికి జిగురు చేర్చుదురు. పూర్వుల హరితాళము, ఇంగిళీకము మాత్రము వలదు. మొదటిది పాషాణము, రెండవది పాదరసపు సరకు.

కావున ఒక ఆదివారము సోడా పొంగించి పిల్లలకు వేడుక చూపి, బొమ్మలకు జిగురురంగులనే వాడుడు. అంగడిలో బబూల్‌కా గోంద్ అని విప్పి యడుగుడు. గోంద్ కతీరా చేతిలో బెట్టినచో మరల నిచ్చివేయుడు. అది నీట కరగదు, ఉబ్బి గుజ్జగును.